చెయ్యి తీయండి సార్

బాబాయికి కాళ్ళు లేవు, చేతులు లేవు. తల, మెడ, నడుం దాకా ఛాతీ, అంతే. గుండె ఆగిన మనిషిని ఎలా బతికించాలో నేర్పడానికి మా నర్సింగ్ స్కూలుకు ఎవరో ఎప్పుడో ఇచ్చిపోయిన రబ్బరు బొమ్మ అది. ఏ బ్యాచి పిల్లలు పెట్టారో గానీ బాబాయి అనే పేరు స్థిరపడిపోయింది. నేను అక్కడ పాఠాలు చెప్పడానికి చేరేనాటికే ఆయన ముక్కు అరిగిపోయింది, ఒక చెవి ఊడిపోయింది. ఎవరెంత గట్టిగా నొక్కినా కిక్కురుమనకుండా పడి ఉండేవాడు. మా అత్తగారు కోరుకున్న కోడలి లక్షణాలన్నీ ఆయనలో ఉన్నాయి.

అప్పటిదాకా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, బాబాయి ఛాతీ నొక్కి, మార్కులు వేయించుకుని వెళ్ళిపోయేవారు. ఆసుపత్రిలో గుండె ఆగితే ఒక్కరు ఉండరు. నలుగురుంటారు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఆలోపు ప్రాణం కాస్తా పోతుంది. అందుకని ఆ వానాకాలం మొదట్లో, చివరి సంవత్సరం పిల్లలకి జట్టుగా నేర్పుతానని ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగాను.

"సిలబస్‌లో లేదు కదమ్మా" అంది ఆవిడ.

"చావు కూడా సిలబస్ చూసుకుని రాదు మేడమ్" అన్నాను.

నాకు నోరెక్కువ. ఆ సంగతి ఇంటా బయటా అందరికీ తెలుసు. ఆవిడ నిట్టూర్చి, వానకి కారే పాత హాలు తాళం నా చేతిలో పెట్టింది.

మొదటిరోజు హాల్లో మూడు బకెట్లు కారేచోట పెట్టి, ఒక పాత ఇనుప మంచం ఈడ్చుకొచ్చి, దాని మీద బాబాయిని పడుకోబెట్టాం. నలుగురు పిల్లల్ని మంచం చుట్టూ నిలబెట్టి, "బాబాయికి గుండె ఆగిపోయింది!" అని అరిచాను.

నలుగురూ తలుపు వైపు పరిగెత్తారు. మంచం మీద బాబాయి, పక్కన నేను, చుక్క చుక్కగా నిండుతున్న బకెట్లు. కాసేపటికి మందుల ట్రాలీని నలుగురూ నాలుగు మూలలా పట్టుకుని తోసుకుంటూ వచ్చారు.

"ఎక్కడికెళ్ళారమ్మా?"

"ట్రాలీ కోసం మేడమ్."

"నలుగురూనా? అది ట్రాలీనా, పెళ్ళికూతురా?"

అందరికంటే ముందు నవ్వింది ఒక పిల్ల. భయం వేస్తే నవ్వు ఆపుకోలేని పిల్ల అది, నవ్వులపిల్ల అనే పిలిచేవారు. దాని పక్కన తాటిచెట్టంత పొడుగమ్మాయి తల దించుకుంది. తప్పు వాళ్ళది కాదు. ఎవరో ఒకరు మొదలుపెడతారులే అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. అక్కడి నుంచి తప్పించుకోవడానికి మర్యాదైన దారి ట్రాలీ ఒక్కటే.

రెండోసారి పొడుగమ్మాయిని ఛాతీ నొక్కమన్నాను. మంచి బలం. బాగా నొక్కుతోంది. నేను బయటికి వెళ్ళి, కొక్కేనికి ఉన్న తెల్లకోటు వేసుకుని, పెద్ద డాక్టరులా గొంతు సవరించుకుంటూ లోపలికి వచ్చాను. అంతే, బాబాయి మీది చేతులు టక్కున లేచిపోయాయి. నలుగురూ గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది.

"బాబాయి సంగతేంటి?"

"డాక్టరుగారు వచ్చారు కదా మేడమ్" అంది పొడుగమ్మాయి, అంతకంటే చెప్పాల్సిందేముంది అన్నట్టు.

వాళ్ళు హాస్టల్లో అడుగుపెట్టిన రోజే నేర్పే మొదటి పాఠం అది. పెద్దవాళ్ళు వస్తే చేసే పని ఆపి, ఒకడుగు వెనక్కి వేసి, అడిగితేనే మాట్లాడాలి. ఇంజెక్షన్ వేయడం ఆ తర్వాత. నేనూ అలాగే నేర్చుకున్నాను, నాకు నేర్పినవాళ్ళూ అలాగే నేర్చుకున్నారు. ఆ పాఠాన్ని వదిలించడానికి ఆ వానాకాలం అంతా పట్టింది.

జట్టులో నాలుగు చోట్లు పెట్టాను. ఒకరు ఛాతీ నొక్కాలి, ఒకరు తల దగ్గర రబ్బరు బుడగ నొక్కుతూ ఊపిరి అందించాలి, ఒకరు షాకిచ్చే మెషిన్ అట్టలు ఛాతీకి అంటించి దాన్ని చూసుకోవాలి. నాలుగో మనిషి మంచానికి కాళ్ళ వైపు నిలబడాలి. ఆ మనిషి దేన్నీ ముట్టుకోదు. అందరినీ చూస్తుంది, ఏం చేయాలో చెబుతుంది, మిగతావాళ్ళు వింటారు.

"కాళ్ళ దగ్గరా మేడమ్?" అని ముక్కు చిట్లించారు పిల్లలు. మా ఆసుపత్రిలో పెద్దవాళ్ళు నిలబడేది తల దగ్గర. కాళ్ళ దగ్గర నిలబడేది దుప్పటి సర్దేవాళ్ళు.

"తల దగ్గర నిలబడితే మొహమే కనిపిస్తుంది. కాళ్ళ దగ్గర నిలబడితే మనిషీ కనిపిస్తాడు, చుట్టూ నిలబడి ఊరికే చూసేవాళ్ళూ కనిపిస్తారు" అన్నాను.

ఆ చోటుకి నేను గువ్వని ఎంచుకున్నాను. గువ్వ మా చెల్లెలి కూతురు. మా ఇంట్లో ఉండి ఈ బ్యాచిలోనే చదువుకుంటోంది. ఇంట్లో నన్ను పెద్దమ్మా అంటుంది, స్కూల్లో మేడమ్ అంటుంది. రెండు చోట్లా పక్కవాళ్ళకి వినపడదు. అంత చిన్న గొంతు. సొంతపిల్లని ముందుకు తోస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ అనుకున్నాను. గొంతున్న పిల్లకి నేర్పడంలో గొప్పేముంది?

దానితోపాటు ఇంకో నియమం పెట్టాను. కాళ్ళ దగ్గరి మనిషి ఏం చెప్పినా, విన్నవాళ్ళు ఆ మాటనే తిరిగి పైకి చెప్పాలి. "మందు ఇవ్వు" అంటే "మందు ఇస్తున్నాను" అనాలి. ఇచ్చాక "ఇచ్చాను" అనాలి. ఊరికే తలూపితే కుదరదు. తలూపేవాళ్ళలో సగం మంది వినరు.

ఈ నియమం మా ఇంట్లో చిచ్చు పెట్టింది.

మేముండేది ఆసుపత్రి వెనక క్వార్టర్లలో. రెండు గదులు, ఒక వంటిల్లు. నేను, మా ఆయన, మా అత్తగారు, గువ్వ. మా ఆయన అదే ఆసుపత్రిలో స్టోర్సు చూసేవాడు. ఆయన అనుమతి లేకుండా దూది ఉండ కూడా గడప దాటదు. ఎవరితోనూ మాట పడకుండా రిటైరైపోవాలన్నది ఆయన జీవితాశయం. అలాంటి మనిషికి నన్నిచ్చి చేశారు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు, "కూరలో ఉప్పు తక్కువైంది" అంది.

"కూరలో ఉప్పు తక్కువైంది. ఉప్పు తెస్తున్నాను" అంది గువ్వ, లేచి వెళ్తూ. తెచ్చి పెట్టి, "ఉప్పు తెచ్చాను" అంది.

అత్తగారు ముద్ద కంచంలో వదిలేసింది. "ఒరేయ్, ఇది నన్ను వెక్కిరిస్తోందిరా."

"అదేం లేదమ్మా, స్కూల్లో అలా..." అని గొణిగాడు మా ఆయన.

"నా మాట నాకే తిప్పి చెప్పడం ఏ స్కూల్లో నేర్పుతారు?"

"నా స్కూల్లో అత్తయ్యా" అన్నాను.

"అనుకున్నా. నీ దగ్గర తప్ప ఇంకెక్కడ నేర్చుకుంటుంది?" అని, కాసేపు అలిగి, ఉప్పు కలుపుకుని తిన్నది.

కానీ గువ్వ మానలేదు. బట్టలు ఆరేసేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు, "వాన వస్తోంది, బట్టలు తీస్తున్నాను. తీశాను" అంటూనే ఉంది. రోజురోజుకీ ఆ గొంతు కాస్త పెరుగుతూ వచ్చింది. ముందు వంటింట్లోంచి ముందుగదికి వినపడింది. తర్వాత పక్క క్వార్టరుకు. ఒకనాడు పక్కింటావిడ వచ్చి, "మీ అమ్మాయికి ఏమైనా జబ్బా?" అని అడిగి వెళ్ళింది.

హాల్లో పిల్లలు రోజూ నొక్కారు. పొడుగమ్మాయి అలిసిపోతే నవ్వులపిల్ల అందుకునేది. నేను మధ్యలో తెల్లకోటుతో వచ్చేదాన్ని, కేకలేసేదాన్ని, గొంతు సవరించేదాన్ని, కింద పడి ఏడ్చే బంధువులా కూడా నటించాను. మొదట్లో చేతులు లేచిపోయేవి. తర్వాత సగం లేచి ఆగేవి. ఒకరోజు నేను కోటుతో వచ్చి మంచం పక్కనే నిలబడి, "ఏం జరుగుతోందిక్కడ?" అని గద్దించినా ఒక్క చెయ్యీ లేవలేదు. "ఛాతీ నొక్కుతున్నాం, మీరు వెలుతురుకి అడ్డం వచ్చారు" అంది గువ్వ. ఆ రోజు అందరికీ టీ ఇప్పించాను.

మా పెద్ద డాక్టరు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. మంచి డాక్టరు, డబ్బు మనిషి కాదు. ఆయన హస్తవాసి గొప్పదని ఊరంతా చెప్పుకుంటారు. రోగులు మందుకంటే ముందు ఆయన చెయ్యి అడుగుతారు. "ఒక్కసారి చెయ్యి వేసి వెళ్ళండి సార్" అంటారు. అందుకే వార్డులోకి వస్తే ఆయన కుడిచెయ్యి తిన్నగా మంచం రెయిలింగ్ మీదికో, రోగి భుజం మీదికో వెళ్ళేది. అది అలవాటు. ఆ చెయ్యి పడ్డ మంచం దగ్గర మిగతా చేతులన్నీ వెనక్కి వెళ్ళిపోయేవి. అదీ అలవాటే.

జోరుగా వాన పడుతున్న ఒక పొద్దున, కాలు విరిగి మగవాళ్ళ వార్డులో చేరిన తాపీమేస్త్రీ, భార్య ఒలిచిచ్చిన పండు తొన సగం నోట్లో పెట్టుకుని అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

నేను వరండాలో ఉన్నాను. మేస్త్రీ భార్య కేక విని పరిగెత్తాను. వార్డు సిస్టరు అప్పటికే డాక్టరు కోసం ఫోన్ దగ్గరికి వెళ్ళింది. మా జట్టు పిల్లలు నలుగురికీ ఆ పొద్దున డ్యూటీ అక్కడే. నేను గడప దగ్గరికి వచ్చేసరికి పొడుగమ్మాయి మేస్త్రీ నోట్లోని తొన తీసి పడేసి, మంచం మీదికి వంగి ఛాతీ నొక్కుతోంది. నవ్వులపిల్ల తల దగ్గర ఊపిరి బుడగ పట్టుకుని ఉంది, నవ్వడం లేదు. ఇంకొక పిల్ల, ఒక్కతే, మెషిన్ తోసుకొస్తోంది. మంచం కాళ్ళ వైపు గువ్వ నిలబడి ఉంది.

లోపలికి వెళ్ళి నేనే అందుకుందామని కాలు ముందుకు వేశాను. మళ్ళీ గడప దగ్గరే ఆగిపోయాను. నేను వెళ్తే ఆ చేతులు నా కోసం ఎక్కడ ఆగిపోతాయోనని భయమేసింది.

"అట్టలు అంటించు."

"అట్టలు అంటిస్తున్నాను. అంటించాను."

"అలిసిపోతే చెప్పు, మనిషిని మారుస్తా."

"ఇంకా అలిసిపోలేదు."

అప్పుడు నా పక్క నుంచి పెద్ద డాక్టరు విసురుగా లోపలికి వచ్చాడు. తల దగ్గరికి వెళ్ళి రెయిలింగ్ మీద చెయ్యి వేశాడు. "ఆపండి అందరూ. నన్ను చూడనివ్వండి."

పొడుగమ్మాయి చేతులు ఆగలేదు. కళ్ళు మాత్రం గువ్వ వైపు తిరిగాయి.

"ఆపొద్దు. మెషిన్ చెప్పాకే ఆపుదాం" అంది గువ్వ.

"ఆపట్లేదు" అంది పొడుగమ్మాయి.

మెషిన్ కూత పెట్టింది. షాక్ ఇవ్వాలన్నది దాని మాట. ఆ క్షణంలో మంచాన్ని గానీ మనిషిని గానీ ఎవరూ తాకి ఉండకూడదు. "అందరూ జరగండి" అంది గువ్వ. పొడుగమ్మాయి చేతులెత్తింది. నవ్వులపిల్ల వెనక్కి వెళ్ళింది. మేస్త్రీ భార్యని ఎవరో పక్కకి లాగారు. ఆ ఇనుప రెయిలింగ్ మీద ఇంకొక్క చెయ్యే ఉంది.

"సార్, చెయ్యి తీయండి."

ఆయనకి అర్థం కాలేదు. ఎవరితో అంటోందో అన్నట్టు వెనక్కి చూశాడు.

"చెయ్యి తీయండి సార్!"

ఆ గొంతు వార్డు చివరిదాకా వినపడింది. కట్లు కట్టించుకుంటున్నవాళ్ళు తలలు తిప్పారు. ఆయన చెయ్యి తీశాడు, కావాలని కాదు, ఉలిక్కిపడి. గువ్వ చుట్టూ ఒకసారి చూసి "షాక్" అంది. "షాక్ ఇచ్చాను" అంది మెషిన్ పిల్ల. "ఛాతీ" అంది గువ్వ, పొడుగమ్మాయి మళ్ళీ అందుకుంది.

అలా ఇంకొక విడత నడిచాక మేస్త్రీ దగ్గాడు. తర్వాత చెయ్యి ఎత్తి పొడుగమ్మాయి చేతిని తోసేశాడు. అంతకంటే మంచి తోపు నేను జీవితంలో చూడలేదు. అప్పుడు నవ్వులపిల్ల నవ్వింది, అక్కడే కూలబడి, ఏడుస్తూ నవ్వింది.

మర్నాడు మేస్త్రీ, "నా పక్కటెముక విరగ్గొట్టిన పిల్ల ఏది? కాలికి తోడు అదొకటి" అని పొడుగమ్మాయిని పిలిపించుకుని, భార్య చేత పండు ఒలిపించి చేతిలో పెట్టాడు.

అదే రోజు నన్ను ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. పెద్ద డాక్టరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు. నొచ్చుకున్నాడు, అది కోపంకంటే కష్టం.

"ఇన్నేళ్ళ సర్వీసులో నన్నెవరూ చెయ్యి తీయమనలేదు" అన్నాడు. "ఈ చెయ్యి వేస్తే చాలని వస్తారమ్మా జనం. వాళ్ళందరి ముందు ఒక స్టూడెంటు నన్ను గద్దించింది. అది మీరు నేర్పారా?"

"నేర్పాను సార్. కరెంటుకి హస్తవాసి తెలియదు. మీరు చెయ్యి తీయకపోతే ఆ పిల్ల షాక్ ఇవ్వనిచ్చేది కాదు, ఇస్తే మీకూ తగిలేది."

"నాకు తెలియదా ఆ సంగతి?"

"తెలుసు సార్. అప్పుడు గుర్తు లేదు. గుర్తు చేయడానికే ఒక మనిషిని పెట్టాం."

ప్రిన్సిపాల్ మేడమ్ మధ్యలోకి వచ్చింది. "మనిషి బతికాడు, సంతోషం. కానీ మర్యాద చచ్చిపోయింది కదమ్మా."

"దానికి ఛాతీ ఉంటే దాన్నీ నొక్కి లేపేవాళ్ళం మేడమ్."

అనకుండా ఉండాల్సింది అంటాడు మా ఆయన. నేను అలా అనుకోను.

పెద్ద డాక్టరు తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "సోమవారం హాలుకి వస్తాను. బ్యాచి అందరి ముందు ఆ అమ్మాయి క్షమాపణ చెప్పాలి. లేదంటే చివరి పరీక్షకి కూర్చోదు" అని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు తగ్గించి, "చెప్పించెయ్యవే తల్లీ. నీ క్వార్టరు, మీ ఆయన ఉద్యోగం అన్నీ ఇక్కడే. ఆ పిల్లకి ఏడాది పోతుంది" అంది. ఆవిడ కళ్ళలో నిజమైన భయం ఉంది. ఆవిడ కూడా చేతులు వెనక్కి కట్టుకునే ఇంతదాకా వచ్చింది.

ఆ ఆదివారం వాన వెలిసింది. ఇంట్లో అత్తగారు చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. పక్కన గువ్వ.

"ఒక్క మాట అనేస్తే పోలా? నోటిమాటేగా, అంటే అరిగిపోతామా?" అన్నాడు మా ఆయన.

"అనేస్తాను పెదనాన్నా" అంది గువ్వ. మళ్ళీ ఆ పాత గొంతు. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

ఒక వానాకాలమంతా కష్టపడి బయటికి లాగిన గొంతు, రెండు రోజుల్లో మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఏదో అనబోయాను. అంతలో అత్తగారు కాయ చేతిలో పట్టుకుని, "ఇంతకీ ఆ మేస్త్రీ బతికాడా, పోయాడా?" అంది.

"బతికాడు అత్తయ్యా. లేచి కూర్చుని పళ్ళు పంచిపెడుతున్నాడు."

"మరి ఏ సంబడానికి క్షమాపణ?"

"అమ్మా, నీకు తెలీదు, పెద్దాయన్ని అందరి ముందు..." అన్నాడు మా ఆయన.

"నాకు తెలీకపోవడమేంట్రా? మీ తాత వాకిట్లో కూర్చుంటే నేను గొంతెత్తకూడదు. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నా చేతులు పిండిలో ఉన్నాయి. మీ మేనత్త అక్కడే ఆయన పక్కన కూర్చుంది. దాన్నొక్క కేక వేస్తే వచ్చి దించేది. నేను వేయలేదు. పాలన్నీ పొయ్యి పాలు. కోడలు ఎంత అణకువైందో అని ఊరంతా మెచ్చుకున్నారు." ఆవిడ కాయని విరిచింది. "పాలు కాబట్టి మర్నాడు మళ్ళీ వచ్చాయి. మేస్త్రీ వస్తాడా?"

ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆవిడ నా పక్షాన మాట్లాడటం అదే మొదలు. అది నా పక్షం అని ఆవిడకి తెలియదేమో కూడా.

గువ్వ మరో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది. "పెద్దమ్మా, రేపు నేనెక్కడ నిలబడాలి?" అంది.

"నీ చోటు నీకు తెలీదా?" అన్నాను.

సోమవారం మళ్ళీ వాన పట్టుకుంది. హాల్లో బ్యాచి అంతా గోడల వెంట నిలబడ్డారు. పెద్ద డాక్టరు కోసం ముందు ఒక కుర్చీ వేసి, దాని మీద తెల్ల టవలు పరిచారు. ఆయన రావడం ఆలస్యమయ్యేలా ఉంది.

"అంతదాకా ఖాళీగా ఎందుకు మేడమ్? ఒక విడత ప్రాక్టీసు చేయిస్తాను" అన్నాను. ప్రిన్సిపాల్ మేడమ్‌కి అనుమానం వచ్చే ఉంటుంది, కానీ వద్దనడానికి కారణం దొరకలేదు.

"బాబాయికి గుండె ఆగిపోయింది" అన్నాను, ఈసారి మామూలు గొంతుతో.

పొడుగమ్మాయి నొక్కడం మొదలుపెట్టింది. నవ్వులపిల్ల ఊపిరి అందుకుంది. మెషిన్ వచ్చింది. గువ్వ వెళ్ళి మంచానికి కాళ్ళ వైపు, బాబాయికి లేని కాళ్ళ వైపు, నిలబడింది. కాసేపు దాని పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. తర్వాత, "అట్టలు" అంది.

"అట్టలు అంటించాను."

అప్పుడే పెద్ద డాక్టరు వచ్చాడు. ప్రిన్సిపాల్ మేడమ్ లేచింది. గోడ వెంట పిల్లలందరూ నిటారుగా అయ్యారు. మంచం దగ్గరి నలుగురూ మాత్రం ఆయన వచ్చాడని తెలిసి కూడా తలెత్తలేదు. పొడుగమ్మాయి చేతులు అదే వేగంతో పైకీ కిందికీ వెళ్తున్నాయి. ఆయన టవలు వేసిన కుర్చీ వైపు చూశాడు, మంచం వైపు చూశాడు. తిన్నగా మంచం దగ్గరికే వచ్చి, తల దగ్గర నిలబడి, రెయిలింగ్ మీద చెయ్యి వేశాడు.

"సరే, ఆ అమ్మాయి చెప్పాల్సింది చెప్పమనండి" అన్నాడు.

"షాక్‌కి సిద్ధం" అంది మెషిన్ పిల్ల.

"అందరూ జరగండి" అంది గువ్వ. చేతులు లేచాయి. దాని కళ్ళు మంచం చుట్టూ తిరిగి, రెయిలింగ్ దగ్గర ఆగాయి. బకెట్లో చుక్క పడింది.

"సార్, చెయ్యి తీయండి."

"అమ్మాయ్!" అంది ప్రిన్సిపాల్ మేడమ్.

గువ్వ అటు చూడలేదు. అరవనూ లేదు. అవసరం లేకపోయింది, ఆ గొంతు హాలంతా సరిపోయింది. "చెయ్యి మంచం మీద ఉంది సార్. మీరు తీసేదాకా షాక్ ఇవ్వనివ్వను."

నేను గోడకి ఆనుకున్నాను. క్వార్టరు, ఉద్యోగం, మా ఆయన మొహం, మా చెల్లెలికి ఏం చెప్పాలన్నది, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అయినా సరే, ఆ మాట వెనక్కి తీసుకో అని నేను అనను. నన్ను నరికినా అనను.

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు, మొదటిసారి చూసుకుంటున్నట్టు. తర్వాత తీసి, పక్కన పెట్టుకున్నాడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

"అందరూ జరిగారు. షాక్" అంది గువ్వ.

"షాక్ ఇచ్చాను."

"ఛాతీ."

"ఛాతీ నొక్కుతున్నాను."

ఆ విడత ముగిసేదాకా ఆయన అక్కడే నిలబడి చూశాడు. ముగిశాక తలుపు వైపు నడిచాడు. ప్రిన్సిపాల్ మేడమ్ వెనకాలే వెళ్తూ, "సార్, మరి క్షమాపణ..." అంది.

"విన్నాను" అని ఆయన వానలోకి వెళ్ళిపోయాడు. ఏం విన్నాడో ఆయనకే తెలియాలి.

గువ్వని పరీక్షకి కూర్చోనిచ్చారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ మాట్లాడలేదు. పెద్ద డాక్టరు మారిపోయాడని నేను చెప్పను. అయితే గుండె ఆగిన మంచం దగ్గరికి వచ్చేటప్పుడు ఆయన రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని వస్తున్నాడని పొడుగమ్మాయి చెప్పింది.

నన్ను మాత్రం వదల్లేదు. వాన కాస్త తగ్గుముఖం పట్టేసరికి నన్ను పాఠాల నుంచి తప్పించి, దుప్పట్లు లెక్కబెట్టే గదికి మార్చారు. జట్టు క్లాసు ఎత్తేశారు. హాలు మరమ్మతులకని మూసేశారు, మరమ్మతులు మొదలవలేదు. క్వార్టరు పాఠాలు చెప్పేవాళ్ళదట, ఖాళీ చేయమన్నారు. మంచిదే అన్నాను. తలొంచుకుని ఆ రెండు గదుల్లో ఉండటంకంటే, తలెత్తుకుని ఒక గదిలో ఉండటం నాకు సుఖం.

నిజానికి దొరికినవీ రెండు గదులే. ఒక టైలరు షాపు మీద, మెట్లు ఎక్కితే ఊగే ఇల్లు. మేం సామాను దింపుకుంటున్న సాయంత్రం మా ఆయన ఆలస్యంగా వచ్చాడు. భుజం మీద పాత దుప్పట్లో చుట్టిన మూట ఉంది. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం. మూట నెమ్మదిగా నేల మీద దింపాడు. దుప్పటి తొలిగి అరిగిపోయిన ముక్కు బయటపడింది.

నేను ఆ ముక్కుని చూశాను, మా ఆయన్ని చూశాను. దూది ఉండ గడప దాటనివ్వని మనిషి.

"ఇదేంటండీ?"

"పనికిరాని సామానుట. పారేయమన్నారు" అని చెమట తుడుచుకున్నాడు. "ఎక్కడ పారేయాలో చెప్పలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే అలుసైపోతానని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

"ఎవర్రా ఈయన?" అంటోంది అత్తగారు.

"బాబాయి నానమ్మా" అంది గువ్వ.

"కాళ్ళేవి?" అని ఆవిడే లేచి, కట్టలు విప్పి, తన రెండు పొడుగు దిండ్లు తెచ్చి నడుం కింద పెట్టింది. "ఆ, ఇప్పుడు మనిషిలా ఉన్నాడు."

ఆ ఆదివారం నుంచి పిల్లలు మా ఇంటికి రావడం మొదలైంది. ముందు ఆ నలుగురు, తర్వాత మిగతా బ్యాచి, తర్వాత కింది బ్యాచి పిల్లలు. ముందుగదిలో చోటు చాలక గోడకి అతుక్కుని నిలబడేవారు. దిండ్ల కాళ్ళ వైపు గువ్వ నిలబడేది. గువ్వకి డ్యూటీ ఉన్న రోజు ఎవరు నిలబడాలా అని పిల్లలు మొహాలు చూసుకుంటుంటే, మా అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెళ్ళి నిలబడింది. "నా మాట తిరిగి చెప్పాలి. ఊరికే తలూపితే ఊరుకోను" అంది.

ఆ రోజే కింది టైలరు, అంటే మా ఇంటి యజమాని, తలుపు తోసుకుని వచ్చాడు. చప్పుడుకి తన మెషిన్ మీద దారం తెగిపోతోందట. మెడలో టేపు వేలాడుతుండగా గుమ్మంలో నిలబడి, "ఏం జరుగుతోందిక్కడ?" అని గద్దించాడు. ఇల్లు ఆయనది. ఖాళీ చేయమంటే మళ్ళీ కట్టలు కట్టుకోవాల్సింది మేం. మా ఆయన మూలన స్టూలు మీంచి సగం లేచాడు, అత్తగారి చూపు తగిలి మళ్ళీ కూర్చున్నాడు.

కొత్త పిల్ల ఒకతి బాబాయి ఛాతీ నొక్కుతోంది. దాని భుజాలు బెదిరాయి.

"చెయ్యి తీయకు" అంది అత్తగారు.

"చెయ్యి తీయను" అంది పిల్ల, నొక్కుతూనే.

అత్తగారు టైలరు వైపు తిరిగింది. "నువ్వు ఊరికే నిలబడకు. ఆ పిల్ల అలిసిపోతోంది. తర్వాతి వంతు నీది."